కుక్క పళ్ళు – మనిషి తీర్చవలసిన బాకీ



ఈనాటి ప్రసంగ విషయం చెప్పగానే మీలో కొందరికి నవ్వు రావచ్చు. పెంపుడు కుక్కకు పళ్ళు తోమడం గురించి, ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని గురించి నాలుగు మాటలు మనవి చేయబోతున్నాను. "మా పళ్ళు మేం తోముకోవడానికే పొద్దున తీరిక ఉండదు, ఇక కుక్కకు కూడానా!" అని మీరనుకుంటే నేను తప్పు పట్టను. ఇది నిజంగానే కొత్త అలవాటు. కాని దాని వెనుక ఉన్న కథ మాత్రం చాలా పాతది. ఆ కథ వింటే, ఇది డబ్బున్నవాళ్ళ ముచ్చట కాదని, మన వాకిట్లో పడుకున్న ఆ ప్రాణికి మనం పడిన బాకీ అని మీకే అనిపిస్తుంది.

మనం తెలుగులో కుక్క అంటాం. ఎల్ల దాటితే కన్నడంలో నాయి, తమిళంలో నాయ్, మరాఠీలో కుత్రా, ఒడియాలో కుకురొ. పేరు మారినా నోరు ఒక్కటే. కుక్కపిల్లకు 28 పాలపళ్ళు వస్తాయి. ఏడు నెలలు నిండేసరికి అవి రాలిపోయి వాటి చోట 42 పళ్ళు వస్తాయి. పెద్దవాళ్ళయిన మనకు 32 మాత్రమే కదా! ముందున్న చిన్న పళ్ళు కొరకడానికి, నాలుగు కోరలు పట్టడానికి, వెనకనున్న దవడపళ్ళు కత్తెరలాగా కోయడానికి. వేటాడి బ్రతికే తోడేలు నుంచి వారసత్వంగా వచ్చిన నోరు అది.

ఆ తోడేలు కుక్కగా ఎలా మారిందో చెప్పే ఆధారాల్లో ఒకటి జర్మనీలో దొరికింది. 1914లో బాన్ నగరం దగ్గర ఒబర్‌కాసెల్ అనే చోట రాళ్ళు కొట్టే కూలీలకు ఒక పాత సమాధి కనిపించింది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక జంతువు ఎముకలు ఉన్నాయి. ఆ జంతువు కుక్క అని పండితులు గుర్తించడానికి ఆ తరువాత అరవై ఏళ్ళకు పైగా పట్టింది. సమాధి వయసు సుమారు 14 వేల ఏళ్ళు.

2018లో ఆ కుక్క పళ్ళను పరిశీలించిన ఫలితాలు వెలువడ్డాయి. పంటి పైపూత మీద ఉన్న గీతలను బట్టి అది పిల్లగా ఉన్నప్పుడే, ఐదో నెల ప్రాంతంలో, పెద్ద జబ్బు చేసి పడిందని తేలింది. ఆ జబ్బు డిస్టెంపర్ కావచ్చునని వారి అంచనా. దాని చిగుళ్ళకు కూడా వ్యాధి సోకి ఉంది. అంత జబ్బు చేసిన పిల్ల తనంతట తాను బ్రతికే అవకాశం లేదు. అయినా అది మరికొన్ని వారాలు జీవించింది. అంటే ఎవరో దానికి నీళ్ళు పట్టారు, తిండి పెట్టారు, వెచ్చగా పడుకోబెట్టారు. ఆలోచించండి, శ్రోతలారా! వేటకు పనికిరాని, కాపలాకు పనికిరాని జబ్బు పిల్ల అది. దానికి జరిగిన సేవకు సాక్ష్యం చెప్పింది దాని పళ్ళే.

ఇక మన వైపు వద్దాం. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949-50 నాటి ఒక వీరగల్లు దొరికింది. మణలేరుడనే యోధుడు తన ప్రభువును అడిగి తెచ్చుకున్న కాళి అనే జాగిలం ఒక అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయింది. దాని జ్ఞాపకంగా గుడి ముందు ఆ శిల నిలిపి, మాన్యం కూడా ఇచ్చారు. ఆ శిల ఇప్పుడు బెంగుళూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. కుక్క కోరకు మన పెద్దలు ఇచ్చిన గౌరవం అది.

ఆ గౌరవం తరువాత కూడా పోలేదు. ముధోళ్ వేటకుక్క కర్ణాటకకు పేరు తెచ్చింది. తమిళనాడులో, శతాబ్దాల కిందట తెలుగు నేల నుంచి వలస వెళ్ళి నేటికీ ఇంట్లో తెలుగు మాట్లాడే రాజులు నివసిస్తున్న రాజపాళయం పేరు మీద ఒక కుక్కజాతే ఉంది. ఈ రెండు జాతులకూ 2005లో తపాలా బిళ్ళలు కూడా వెలువడ్డాయి. ఇంత ప్రేమగా పెంచినవాళ్ళు కుక్క నోరు తెరిచి చూడలేదా అంటే, చూశారు. వయసు చెప్పడానికి పళ్ళు చూశారు, పట్టు చెప్పడానికి దవడ చూశారు. ఆ పళ్ళను శుభ్రం చేయాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

దానికి కారణం లేకపోలేదు. కుక్క పన్ను అంటే భయం. పిచ్చికుక్క కాటుకు మందు లేని కాలం అది. 1885లో పారిస్‌లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి టీకా వేసి ఆ భయానికి విరుగుడు చూపించాడు. మన దక్షిణాదిలో నీలగిరి కొండల మీది కూనూరులో పాశ్చర్ సంస్థ 1907లో మొదలైంది. టీకా వచ్చి, కుక్కకు కూడా ఏటా వేయించడం అలవాటైన తరువాతే మనిషి నిర్భయంగా దాని నోట్లో వేలు పెట్టగలిగాడు.

ఈలోగా కుక్క తిండి మారిపోయింది. వేల ఏళ్ళుగా మనతో ఉండి అది మన తిండికి అలవాటుపడింది. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారం పిండిపదార్థాన్ని అరిగించుకునే శక్తినిచ్చే జన్యువు తోడేలులో కంటే కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. రాగిసంగటి, జొన్నరొట్టె, పెరుగన్నం తిని కుక్క హాయిగా అరిగించుకోగలదు. కాని పొట్ట మారినంతగా నోరు మారలేదు. మెత్తని తిండి పళ్ళ సందుల్లో నిలుస్తుంది.

"మరి ఎముక వేస్తే అదే నమిలి శుభ్రం చేసుకుంటుంది కదా?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. పచ్చిమాంసం తప్ప మరొకటి ఎరుగని ఆఫ్రికా అడవికుక్కల పుర్రెలను పరిశీలించిన వైద్యులు 1999లో తమ నివేదిక ప్రకటించారు. వాటిలో కూడా చిగుళ్ళ వ్యాధి ఆనవాళ్ళు, అరిగిన పళ్ళు, విరిగిన పళ్ళు కనిపించాయి. ఎముక కొరికితే పన్ను శుభ్రమవుతుందన్నది సగం నిజం. పన్ను పగులుతుందన్నది మిగతా సగం. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు కదా మన పెద్దలు!

అసలు పళ్ళు తోమితే వ్యాధి రాదని రుజువైంది కూడా ఈమధ్యనే. మనం తరతరాలుగా వేపపుల్లతో, ఉత్తరేణి పుల్లతో, కచ్చిక బూడిదతో తోముకుంటూనే ఉన్నాం. నైలాన్ కుచ్చుల బ్రష్షు 1938లో వచ్చింది. అయినా చిగుళ్ళ వ్యాధికి మూలం పాచేనని పరీక్ష చేసి చూపించింది 1965లో. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో అనే దంతవైద్యుడు, ఆయన సహచరులు 12 మందిని కొద్దికాలం పళ్ళు తోముకోవద్దన్నారు. మూడు వారాల్లోపే అందరి చిగుళ్ళూ ఎర్రబడి వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టగానే తగ్గిపోయాయి.

అయితే ఏళ్ళ తరబడి తోమకపోతే ఏమవుతుంది? మనుషుల మీద అలాంటి పరీక్ష చేయలేం. ఆ భారం కుక్కల మీద పడింది. స్వీడన్‌లో యాన్ లిండే, ఆయన సహచరులు బీగిల్ జాతి కుక్కలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు నాలుగేళ్ళపాటు రోజూ రెండుసార్లు పళ్ళు తోమారు. రెండో గుంపును అలాగే వదిలేశారు. 1975లో ఫలితాలు వచ్చాయి. తోమిన కుక్కల చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయి. తోమని కుక్కలకు మొదట చిగుళ్ళు వాచాయి. ఆ తరువాత పంటిని పట్టి ఉంచే ఎముక కూడా కరిగింది.

ఈరోజు దంతవైద్యుడు మనతో "రెండుపూటలా తోముకోండి" అని గట్టిగా చెప్పగలుగుతున్నాడంటే, ఆ మాట వెనుక ఆ మూగజీవాల నోళ్ళు ఉన్నాయి. ఇందాక నేను బాకీ అన్నది దీన్నే. మన పళ్ళ కోసం అవి తమ పళ్ళు ఒడ్డాయి. ఆ పరీక్షలో తేలిన మేలు మనకు దక్కింది. వాటికి కూడా దక్కాలి కదా!

ఆ తరువాత పశువైద్యంలో దంతవైద్యం ఒక శాఖగా ఎదిగింది. 1976లో అమెరికాలో పశుదంతవైద్య సంఘం ఏర్పడింది. 1988లో ఆ శాఖలో నిపుణులకు పరీక్షపెట్టి యోగ్యతాపత్రం ఇచ్చే సంస్థ వచ్చింది. మన దేశంలో 1886లో బొంబాయిలో, 1903లో మద్రాసులో, 1958లో బెంగుళూరు హెబ్బాళలో పశువైద్య కళాశాలలు వెలిశాయి. మొదట్లో గుర్రం, ఎద్దు, ఆవు వాటికి ముఖ్యం. ఇప్పుడు కుక్కలను కూడా అంతే శ్రద్ధగా చూస్తున్నారు.

ఇక ఆచరణకు వద్దాం. పంటి మీద మెత్తగా పేరుకునేది పాచి. రెండు మూడు రోజులు వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలతో అది గట్టిపడి గార అవుతుంది. పాచి బ్రష్షుకు పోతుంది, గార పోదు. అందుకే రోజూ తోమడం మేలు, కనీసం రోజు విడిచి రోజు.

టీకాలు వేయించిన మీ సొంత కుక్కకే ఈ పని చేయండి. వీధికుక్క నోట్లో చేయి పెట్టవద్దు. ఎప్పుడైనా కుక్క కరిస్తే, గీరితే, పుండు మీద దాని చొంగ పడితే, 15 నిమిషాలు సబ్బుతో నీళ్ళ ధార కింద కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మొదటి వారం వేలికి తడిగుడ్డ చుట్టి పంటి వెలుపలి వైపు మాత్రం మెల్లగా తుడవండి. అలవాటయ్యాక పిల్లలు వాడే మెత్తని బ్రష్షు పట్టండి. పైదవడ వెనక పళ్ళకు గార ఎక్కువ పడుతుంది, అక్కడ శ్రద్ధ పెట్టండి. నోరు బలవంతంగా తెరవనక్కరలేదు. పెదవి ఎత్తితే చాలు. అది మొరాయిస్తే ఆరోజుకు ఆపేయండి.

ముఖ్యమైన మాట. మనం వాడే పేస్టు కుక్కకు వాడవద్దు. మనం ఉమ్మేస్తాం, అది మింగేస్తుంది. కొన్ని పేస్టుల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కకు విషం; రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. కుక్కల కోసమే తయారయ్యే పేస్టు దొరుకుతుంది. అది దొరకకపోతే నీళ్ళలో తడిపిన బ్రష్షు చాలు. ఉప్పు, బొగ్గు, కచ్చిక వద్దు. నమలడానికి ఏదైనా ఇస్తే, గోరుతో నొక్కి చూడండి. గోరు దిగనంత గట్టిదైతే అది పంటికి చేటు. ఉడికించిన ఎముక అసలే వద్దు. పేడులుగా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది.

ఇప్పటికే గార పట్టి ఉంటే కత్తితోనో మేకుతోనో గీకకండి. పశువైద్యుడు మత్తు ఇచ్చి చిగురు కింద కూడా శుభ్రం చేస్తారు. పొమరేనియన్ వంటి చిన్న కుక్కల నోట్లో పళ్ళు ఇరుకుగా ఉంటాయి కాబట్టి వాటి విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

చివరగా ఒక్క మనవి. కుక్క తనకు పంటినొప్పి ఉందని చెప్పదు. నొప్పి దాచుకోవడం దాని జాతి స్వభావం. నోటి దుర్వాసన, ఒకవైపే నమలడం, ముద్ద నోట్లోంచి జారవిడవడం, మూతిని కాలితో రుద్దుకోవడం, కంటి కింద వాపు – ఇవే దాని మాటలు. కంటి కింద వాపు చూసి ఏదో పురుగు కుట్టిందనుకుంటాం. చాలాసార్లు అది పైదవడ పంటి వేరులో పట్టిన చీము. తిండి మానేస్తే ముసలిదైపోయిందంటాం. కొన్నిసార్లు అది ముసలితనం కాదు, పుచ్చిన చిగురు. వైద్యం చేయిస్తే మళ్ళీ ఆబగా తినే నోరు.

14 వేల ఏళ్ళ కిందట, బ్రష్షు లేదు, మందు లేదు, టీకా లేదు. అయినా ఎవరో ఒక జబ్బు కుక్కపిల్ల పక్కన కూర్చున్నారు. ఇప్పుడు మనకు అన్నీ ఉన్నాయి. కావలసింది రోజుకు రెండు నిమిషాలు. ఈ సాయంత్రం మీ కుక్కకు ముద్ద వేసే ముందు ఒకసారి దాని పెదవి ఎత్తి చూడండి.