ఫ్యాక్టరీ మేనేజరు – భద్రత బాధ్యత (భారతదేశం)

భారతదేశపు ఫ్యాక్టరీ చట్టంలో కార్మికుల ప్రాణాలకు జవాబుదారులు ఇద్దరు. ఫ్యాక్టరీపై అంతిమ అధికారం గల ఆక్యుపయర్ ఒకరు, రోజువారీ పని నడిపించే మేనేజరు మరొకరు. ఎవరి భారం ఎంత అన్న ప్రశ్న చుట్టూనే ఈ చట్టం పెరుగుతూ వచ్చింది.

1881 నాటి తొలి చట్టం కనీసం వంద మంది పనిచేసే ఫ్యాక్టరీలకే వర్తించేది. పిల్లల పనిగంటలు, యంత్రాల చుట్టూ కంచె మినహా అందులో పెద్దగా ఏమీ లేదు. 1949 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన 1948 చట్టం మేనేజరు స్థానాన్ని తేల్చిచెప్పింది. 7వ సెక్షన్ ప్రకారం ఆయన పేరు ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాల్సి ఉండేది. మేనేజరుగా ఎవరి పేరూ లేని రోజుల్లో ఆ పని చూస్తున్నవారే మేనేజరు. అలాంటివారూ కనబడకపోతే ఆక్యుపయరే మేనేజరు. కుర్చీ ఖాళీగా ఉందని తప్పించుకునే దారి అలా మూసుకుపోయింది. 1976 సవరణతో వెయ్యి, అంతకు మించి కార్మికులున్న చోట సేఫ్టీ ఆఫీసరు వచ్చారు. అయితే ఆయన పని ప్రధానంగా సలహా ఇవ్వడమే.

1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్ యూనియన్ కార్బైడ్ ప్లాంటులో మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు లీకై వేలమంది ప్రాణాలు తీసింది. అప్పటికే దాని ట్యాంకు శీతలీకరణ ఆపేసి ఉంది. లీకైన వాయువును మండించే ఫ్లేర్ టవర్ పైపు మరమ్మతు కోసం విడదీసి ఉంది. ఇవి ఆ రాత్రి జరిగిన పొరపాట్లు కావు, అంతకుముందే తీసుకున్న నిర్వహణ నిర్ణయాలు. ఖర్చు తగ్గించమన్న ఆదేశం పైనుంచి వస్తే కింది మేనేజరు ఒక్కడినే దోషిని చేయడం న్యాయమా? 1987 సవరణ ఈ ప్రశ్నను ఎదుర్కొంది. కంపెనీల్లో డైరెక్టరే ఆక్యుపయర్ అని నిర్దేశించింది, జె.కె. ఇండస్ట్రీస్ కేసులో 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఉల్లంఘనకు ఆక్యుపయర్, మేనేజరు ఇద్దరికీ రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడే వీలు ఏర్పడింది. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల్లో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండే సేఫ్టీ కమిటీ తప్పనిసరైంది. ముప్పు ముంచుకొస్తోందని కార్మికుడు చెబితే వెంటనే చర్య తీసుకోవడం మేనేజరు విధి అయింది.

భోపాల్ కేసులో 2010 జూన్‌లో కంపెనీ భారత విభాగం అప్పటి ఛైర్మన్, వర్క్స్ మేనేజరు సహా పలువురికి రెండేళ్ల శిక్ష పడింది. అంత మంది ప్రాణాలకు అది ఏమాత్రం సరిపోని శిక్ష.

2020 మే 7న విశాఖ శివారు వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరిన్ ఆవిరి 12 మందిని బలిగొంది. ట్యాంకు శీతలీకరణలో లోపాలనూ, సైరన్ మోగించకపోవడాన్నీ రాష్ట్ర ప్రభుత్వ హైపవర్ కమిటీ తప్పుపట్టింది. భోపాల్‌లోలాగే ఇక్కడా మూలం రోజువారీ నిర్వహణలోనే ఉంది.

2025 నవంబరు 21 నుంచి 1948 చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అమల్లోకి వచ్చింది. సేఫ్టీ ఆఫీసరు ఇప్పుడు 500 మంది ఉన్న ఫ్యాక్టరీలకు, ప్రమాదకర ప్రక్రియలుంటే 250 మంది ఉన్నవాటికీ అవసరం. ఇది మేలే. సేఫ్టీ కమిటీని మాత్రం ప్రభుత్వం ఆదేశించిన చోటే పెట్టాలి. అంటే కార్మికుడి మాట మేనేజరు చెవిన పడే దారి కొంత సన్నబడింది.