యాభై… ఎంత?

కుంట ఊళ్లో కరెంటు పోయి నాలుగు గంటలైంది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. పెద్దమ్మ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. నీ చేతిలో ట్రాన్సిస్టర్, అందులో పొద్దున వేసిన కొత్త సెల్లు.

బయట వాన వెలిసింది. శబరి ఏటి చప్పుడు కూడా తగ్గింది. నీకు భయం వేస్తున్నది అందుకే. పారే ఏరు మోగుతుంది, ఎదురు తన్నిన ఏరు మూగబోతుంది. కిందికి పోయి కూనవరం దగ్గర గోదావరిలో కలవాల్సిన నీళ్లు ఇవి. గోదావరి నిండుగా ఉంటే వాటిని లోపలికి రానివ్వదు. అప్పుడవి వెనక్కి మళ్లుతాయి. వాగుల్లోంచి, పెరళ్లలోంచి చప్పుడు లేకుండా వస్తాయి.

అందుకే బస్తర్ దక్షిణపు కొసన ఉన్న ఈ ఊరికి భద్రాచలం అంకె కావాలి. అక్కడ గోదావరి 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది. టార్చి వేస్తే ఆ ఏటి బురద గీత ఇంకా గోడ మీద కనిపిస్తుంది, నీ తల కంటే పైన.

ముల్లు తిప్పుతావు. 756 కిలోహెర్ట్జ్ దగ్గర జగదల్‌పూర్ గట్టిగా, శుభ్రంగా పలుకుతుంది. 100 కిలోవాట్ల కేంద్రం, 1977 నుంచీ ఈ అడవికి హల్బీలో మాట్లాడుతోంది. ఇప్పుడు పాట వస్తోంది. వేరే రాత్రయితే అక్కడే ఆగేవాడివి. 837 మీద విజయవాడ. మాట ఉబ్బుతుంది, కుంగుతుంది, మాయమవుతుంది. నేల వెంబడి వచ్చిన తరంగమూ, చీకటి పడ్డాక ఆకాశం నుంచి వంగి దిగిన తరంగమూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. రాత్రిళ్లు ఈ దూరంలో ఇది మామూలే.

ఇక మిగిలింది 738, హైదరాబాద్.

దొరికింది. సన్నగా తెలుగు. వరద సమాచారమే చదువుతున్నారు. చెవి ఆనిస్తావు.

"…భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం యాభై…"

సొద.

"ఎంతన్నాడు రా?"

"యాభై అన్నాడు పెద్దమ్మా. ఆపైన వినపడలేదు."

యాభై ఒకటి అయితే తెల్లారేదాకా ఆగొచ్చు. యాభై ఏడైతే ఇప్పుడే లేవాలి.

ముందు బరబరమనే మోత ఒకటి వదిలించుకోవాలి. అది పక్కింటి సోలార్ దీపం నుంచి. దాని చిన్న సర్క్యూట్ సెకనుకు వేలసార్లు ఆగుతూ వెలుగుతూ గాలిలోకి ఈ మోత చిమ్ముతుంది. గోడ మీంచి పిలుస్తావు. "అన్నా, ఒక్క ఐదు నిమిషాలు దీపం ఆపు. వార్తలు వినాలె." ఆయన ఏమీ అడగకుండా ఆపేస్తాడు. వాడ మొత్తం చీకటి. బరబర పోయింది.

సొద పోలేదు.

ఇది వేరే రకం. మెరుపైతే చిటపటమని అప్పుడే తెగుతుంది. ఇది తెగదు. పొయ్యి మీద నూనె కాగినట్టు ఒకే తీరుగా, ఒకే ఎత్తులో. ముల్లు పైకి జరిపితే పెరుగుతుంది, ఇంకాస్త జరిపితే గోడ దాటినట్టు ఉన్నట్టుండి ఆగిపోతుంది. దానికి అంచులున్నాయి. అంటే ఇది పిడుగు కాదు, మనుషులు పంపుతున్నది. డిజిటల్ ప్రసారం.

మీడియం వేవ్ మీద కేంద్రానికీ కేంద్రానికీ నడుమ 9 కిలోహెర్ట్జ్ దూరం ఉంటుంది. ఆసియా, ఆఫ్రికా, ఐరోపా దేశాలు 1975లో జెనీవాలో కూర్చుని గీసుకున్న గట్లు అవి. 738 హైదరాబాద్, 9 కలిపితే 747 లక్నో, ఇంకో 9 కలిపితే 756 జగదల్‌పూర్. పాత పద్ధతిలో పక్క చేను నుంచి వచ్చేది మాటో పాటో. మాటకు నడుమ ఊపిరి ఉంటుంది, ఆ సందులో నీది నువ్వు ఏరుకోవచ్చు. డిజిటల్ ప్రసారం దాదాపు 200 సన్నటి తరంగాలను పక్కపక్కన పేర్చి, గట్టు నుంచి గట్టుదాకా నింపేస్తుంది. ఊపిరి తీసుకోదు. నీ చౌక రేడియో జల్లెడ కన్నాలు పెద్దవి. పక్క చేనుది ఇందులోకి జారుతుంది.

ఆ సొదలోనూ ఎవరిదో గొంతు ఉంది. బహుశా ఇంకెక్కడిదో వాన కబురు. దాన్ని విప్పే చిప్ నీ రేడియోలో లేదు.

ఆకాశవాణి 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లకు డిజిటల్ పంపే సత్తా తెచ్చింది. మంచి ఆలోచనే, ఆ మాట ఒప్పుకోవాలి. తగిన రేడియో ఉంటే గరగర లేని శబ్దం వస్తుంది, వరద హెచ్చరిక తెర మీద అక్షరాలుగా కూడా కనిపిస్తుంది. కానీ ఆ రేడియో ధర వేలల్లో. కుంటలో ఎవరింట్లో ఉంది? కొత్తది ఇంటింటికీ చేరేదాకా పాతదాని గొంతు నొక్కకూడదు. ఫోన్లు చచ్చిన రాత్రి ఈ ఊరికి మిగిలేది ఆ గొంతొక్కటే.

కాలికి చల్లగా తగిలింది.

టార్చి కిందికి వేస్తావు. గడప మీద నీళ్లు. సన్నగా, నాలుక చాపినట్టు.

ఆలోచించు. ఈ డబ్బాలో నల్లటి కడ్డీ ఉంది, రాగి తీగ చుట్టింది. అదే యాంటెన్నా. పక్కవాటుగా వచ్చేదాన్ని పట్టుకుంటుంది, కొనల వైపు నుంచి వచ్చేదాన్ని వదిలేస్తుంది. హైదరాబాద్ నీకు పడమర. సొద ఎటు నుంచి?

రేడియోని బల్ల మీద పెట్టి మెల్లగా తిప్పుతావు. సొద పెరిగింది. ఇంకా తిప్పు. తగ్గింది. ఇంకొంచెం. ఒక కొన సుక్మా వైపు, ఒక కొన ఏటి దిగువకు. ఉత్తర దక్షిణాలు. సొద కుంగింది. పూర్తిగా పోలేదు. ఆకాశం మీంచి దిగేది పూర్తిగా పోదు.

కానీ గొంతు పైకి తేలింది.

నీళ్లు మంచం కోడును తాకాయి.

కదలకు. ఊపిరి బిగబట్టు.

ఏవో ప్రాజెక్టుల పేర్లు. గేట్లు. క్యూసెక్కులు. మళ్లీ చెప్పు. ఒక్కసారి.

మెరుపు. చిటపట.

"…భద్రాచలం వద్ద యాభై నాలుగు అడుగులు… ఇంకా పెరుగుతూ…"

చాలు.

"లే పెద్దమ్మా."

"ఎంతట?"

"యాభై నాలుగు. పెరుగుతోందట. లే."

గోడ మీంచి అరుస్తావు. "అన్నా, మూడో హెచ్చరిక దాటింది! దీపం వెయ్యి! పిల్లల్ని లేపు!" పక్కింట్లో వెలుగు. రేడియోలో మళ్లీ బరబర. ఇప్పుడు ఫరవాలేదు.

పెద్దమ్మ చెయ్యి నీ భుజం మీద. మోకాలి కిందిదాకా నీళ్లు. ఎర్రబోరు రోడ్డు ఉత్తరానికి, మెరకకు పోతుంది. ముందు నలుగురు, వెనక ఎందరో. రేడియోని ఎదురుగా అడ్డంగా పట్టుకుని నడుస్తున్నావు. హైదరాబాద్ లేదు, ఉన్నదంతా సొద. డబ్బాని తిప్పి ఒక కొన ముందుకు వచ్చేలా పట్టుకుంటావు.

గొంతు వచ్చింది.

"ఏమంటున్నాడు?" వెనక నుంచి ఎవరో.

"ఆగండి. మళ్లీ చదువుతున్నాడు."