ఎడ్లబండి ఎనిమిది కార్లకు సమానం

మన కొత్తవలసకు రైలు చరిత్ర ఉందని అందరికీ తెలుసు. ఒకవైపు హౌరా–చెన్నై ప్రధాన మార్గం, మరోవైపు బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కిరండూల్ మార్గం. రోడ్ల గురించి మాత్రం మనం అంతగా మాట్లాడుకోలేదు. రోడ్ల ఇంజినీరుగా నాకు తెలిసిన నాలుగు మాటలు ఈ స్వర్ణోత్సవ సంచికలో పంచుకుంటున్నాను.

ట్రాఫిక్ లెక్క 1930లలో శాస్త్రంగా రూపుదిద్దుకుంది. అమెరికాలోని ఒహాయోలో బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ రోడ్డు పక్కన సినిమా కెమెరా పెట్టి, బళ్లు కిక్కిరిసేకొద్దీ వేగం ఎలా తగ్గుతుందో అంకెల్లో చూపాడు. సూత్రం మన హైస్కూలు లెక్కంత తేలిక. కిలోమీటరు పొడవున ఉన్న బళ్ల సంఖ్యను వేగంతో గుణిస్తే, గంటకు ఎన్ని బళ్లు దాటుతాయో వస్తుంది. 40 బళ్లు 50 కిలోమీటర్ల వేగంతో వెళితే 2,000. అక్కడే 100 బళ్లు ఇరుక్కుని వేగం 15కు పడిపోతే 1,500 మాత్రమే. రోడ్డు నిండుగా ఉన్నంత మాత్రాన ఎక్కువ బళ్లను దాటిస్తున్నట్టు కాదు.

1955లో ఇంగ్లండులో లైట్‌హిల్, విథమ్ నదుల్లో వరద కదలికకు వాడిన గణితాన్నే ట్రాఫిక్‌కూ వర్తింపజేశారు. రైలు గేటు లేచాక కూడా ఆఖరి బండి ఎందుకు వెంటనే కదలదో ఆ లెక్క చెబుతుంది. కదలిక ముందు బండి నుంచి వెనక్కి, ఒక అలలా పాకుతూ రావాలి మరి.

ఆ లెక్కలు ప్రధానంగా వరుసల్లో నడిచే కార్లను చూసి కట్టినవి. మన రోడ్డు మీద ఆటో, ట్రాక్టరు, సైకిలు అన్నీ కలిసే నడుస్తాయి. అందుకే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో గ్రామీణ రహదారులకు తూకం నిర్ణయించింది. కారు 1 అయితే మోటారు సైకిలు 0.5, బస్సు, లారీ 3, ట్రాలీ ఉన్న ట్రాక్టరు 4.5, పెద్ద ఎడ్లబండి 8. బండి పరిమాణమే కాదు, వెనక వచ్చేవారిని అది ఎంత ఆపుతుందన్నదీ ఈ తూకంలో ఉంది. ఆ లెక్కన మైదాన ప్రాంతంలో రెండు వరుసల రోడ్డుకు రోజుకు 15,000, డివైడరున్న నాలుగు వరుసలకు 35,000. రెట్టింపు కన్నా ఎక్కువ ఎందుకంటే, ఎదురు బండి భయం లేకుండా దాటిపోవచ్చు. తర్వాత 2017లో కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ తెచ్చిన మాన్యువల్, ఈ తూకాలు రద్దీని బట్టి మారతాయని చూపింది.

ఇంత గణితానికీ ముడిసరుకు రోడ్డు పక్కన కూర్చుని చేసే గణనే. ఏడు రోజులు, రాత్రీ పగలూ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ కాగితం మీద నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత గీస్తూ కూర్చున్నవాణ్ణే.

ఇప్పుడు రాయపూర్–విశాఖ ఆరు వరుసల రహదారి మన కంటకాపల్లి మీదుగా సబ్బవరం వైపు సాగుతోంది. రోడ్డు వెంట పోయే బళ్ల లెక్కలో అడ్డంగా దాటే రైతు, పశువులు, బడి పిల్లలు కనబడరు. వారిని వేరుగా లెక్కించాలి. అండర్‌పాస్ ఎక్కడ రావాలన్నది ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. ఏ రోడ్డు సర్వే వారు మన ఊళ్లకు వచ్చినా, ఏ పొలానికి ఎటు నుంచి వెళతారో, ఏ పిల్లలు ఎక్కడ దాటుతారో చెప్పవలసింది మనమే. పూర్వ విద్యార్థుల సంఘం ఈ పని తలకెత్తుకుంటే, నా వంతు లెక్కలు చేసిపెట్టడానికి నేను సిద్ధం.