పీఠమును పంక్తియు

ఊరిలో ఎవరి గౌరవమెంతయో తెలిసికొనవలెనన్న, వారి మాటలు వినుటకంటె వారు కూర్చుండు చోటు చూచుట మేలు. రచ్చబండమీద ఎవరు, క్రింద ఎవరు, పెండ్లిపంక్తిలో ముందెవరు, వెనుక ఎవరు అను లెక్క మీవంటి పెద్దలకు నేను చెప్పవలసినది కాదు. క్రైస్తవ సంఘచరిత్రలో గూడ ఈ చోటుతగవు మొదటినుండియు కలదు. ఆ తగవు మన తెలుగుసీమలో ఏ రూపము దాల్చెనో, దానిని తీర్చుటకు ఒక పెద్దమనిషి ఎట్లు పాటుపడెనో నేడు మనవి చేసెదను.

సువార్తలలో ఒక వృత్తాంతము కలదు. జెబెదయి కుమారులగు యాకోబు యోహానులు యేసు నొద్దకు వచ్చి, ఆయన మహిమ పొందు దినమున తమ్ము కుడియెడమల కూర్చుండబెట్టుకొమ్మని వేడిరి. తక్కిన పదిమంది శిష్యులును ఇది విని కోపించిరి. ఆ చోట్లు తమకు దక్కవేమోయను శంకయే వారి కోపమునకు మూలమని తోచును. యేసు అందరిని చేరబిలిచి, గొప్పవాడు కాగోరినవాడు తక్కినవారికి పరిచారకుడు కావలెనని బోధించెను. కడపటి రాత్రి తానే పళ్లెములో నీళ్లుపోసి శిష్యుల పాదములు కడిగెను.

ఈ పాఠము ఎంతకాలము జ్ఞాపకముండెను? క్రీ. శ. 55 ప్రాంతమున పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన లేఖను బట్టి చూడగా, అచ్చట ప్రభురాత్రి భోజనమునకు కూడినప్పుడు కలవారు ముందుగా కడుపునిండ తినుచుండిరి. లేనివారు ఆకలితో ఉండిపోవుచుండిరి. ఒక తరము గడవకముందే పంక్తిలో భేదము పుట్టినది. పౌలు వారిని తీవ్రముగా మందలించెను.

మన దక్షిణదేశమునను ఇట్లే జరిగెను. తమిళసీమలోని తొలి ప్రొటెస్టెంటు సంఘములలో కులమునుబట్టి వేరువేరు చోట్ల కూర్చుండు ఆచారము నిలిచిపోయెను. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సను ఈ భేదమును విడిచి తీరవలెనని ఆజ్ఞాపత్రము పంపెను. అప్పుడు తంజావూరు మొదలగు చోట్ల పెక్కుమంది సంఘమునైనను విడిచిపోయిరి గాని, తక్కువవాడని తలచినవాని ప్రక్కన కూర్చుండుటకు అంగీకరింపరైరి.

ఈ తమిళసీమలోనే, తిరునెల్వేలి ప్రాంతమున, 1874లో వేదనాయకము శామ్యూలు అజరయ్య జన్మించెను. తండ్రి గ్రామసంఘ గురువు. వారి నాడారు కులమును పై కులములవారు చిరకాలము చిన్నచూపు చూచిరి. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత ధనముతో, సొంత మనుష్యులతో ఒక మిషను సంఘమును స్థాపించిరి. దాని స్థాపకులలో అజరయ్య ముఖ్యుడు. ఆ సంఘమువారు నిజాము రాజ్యములోని డోర్నకల్లు ప్రాంతమును పనికి ఎన్నుకొనిరి. 1909లో అజరయ్య తానే అచ్చటికి వచ్చి, మన భాష నేర్చి, పల్లెప్రజల నడుమ నివసించెను.

మరుసటి యేడు స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ కూడెను. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావారు కొలదిమందియే. ఆ సభలో అజరయ్య లేచి, విదేశ మిషనరీల త్యాగమును మెచ్చుకొనుచునే ఒక కొరతను నిర్భయముగా చెప్పెను. దొరలకును భారతీయులైన తోడిపనివారికిని నడుమ యజమాని సేవకుల సంబంధమే కానవచ్చుచున్నదనియు, ఒకరి యింట నొకరు భుజించు చనువు లేదనియు, తమకు కావలసినది స్నేహమనియు విన్నవించెను. సభలో కొందరు నొచ్చుకొనిరి. అయినను ఆ మహాసభలో నేటికిని జనులు స్మరించు ఉపన్యాసములలో అది ముఖ్యమైనది.

1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో ఆయనకు బిషప్పు పదవి నిచ్చిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనయే. దీనికి యూరోపియనులలో కొందరు అడ్డుచెప్పిరి. భారతీయులలోను కొందరు అడ్డుచెప్పిరి. తమతో సమానుడని తలపనివాడు తమపై అధికారియగుట వారికి కష్టముగా నుండెను.

పీఠము దక్కినది. అసలు పరీక్ష ఇక్కడినుండియే ఆరంభమైనది. డోర్నకల్లు సంఘములో చేరినవారు చాలవరకు మాలలు, మాదిగలు. పైవారు ఈ ఇరువురిని ఊరివెలుపల నుంచినను, వీరిలో వీరికి పంక్తి లేదు, పొత్తు లేదు. ఆ పాత భేదము బాప్తిస్మముతో కరగిపోక దేవాలయములోనికి గూడ వచ్చెను. తరువాతి కాలమున, మాలమాదిగల నడవడిలో వచ్చిన మార్పు చూచి, శూద్రకులములవారు గూడ అనేకులు సంఘములో చేరిరి. ఒకే రొట్టె, ఒకే పాత్ర అందరు పుచ్చుకొనవలసిన ఆరాధనలో ఎవరి ప్రక్క ఎవరు మోకరించవలెను? దొరల ముందు నిలిచి సమానత్వమడిగిన మనిషి ఇప్పుడు తన చేతిక్రిందివారికి, పై కులములనుండి వచ్చినవారికి గూడ, అదే పాఠము చెప్పవలసి వచ్చెను.

అజరయ్య ఈ విషయమున సడలింపు చూపలేదు. కులమునుబట్టి వేరు సంఘములు, వేరు పంక్తులు కూడవని పట్టుబట్టెను. సామాన్య గ్రామస్థులకు శిక్షణ యిప్పించి వారిలోనుండియే గురువులను నియమించెను. అయినను ఆయన జీవితకాలములో ఆ భేదము పూర్తిగా పోలేదు. ఆయన పూనికతో కట్టిన డోర్నకల్లు ప్రధాన దేవాలయమునకు 1939లో ప్రతిష్ఠ జరిగెను. అందు మన దేవళముల స్తంభముల తీరును, మసీదుల గుమ్మటముల తీరును కలిసియున్నవి. రాళ్లను కలుపుట మనుష్యులను కలుపుటకంటె సులభమని ఆయనకు తెలియనిది కాదు. 1945 జనవరి 1వ తేదీని ఆయన డోర్నకల్లులోనే కన్నుమూసెను.

ఈ చరిత్రనుండి నాకు తోచినదొక్కటి. పైవారిని సమానత్వమడుగుటకు ధైర్యము చాలును. క్రిందివారికి దానిని ఇచ్చుటకు మన చోటునుండి మనమే కొంచెము జరుగవలెను. ఎడింబరోలో అజరయ్య చెప్పిన మాట ఒక్క దినము వేదికపై చెప్పినది. డోర్నకల్లులో ఆయన చేసిన పని పల్లెపల్లెకు, పంక్తిపంక్తికి, ముప్పదేండ్లకు పైగా సాగినది. సంఘమేదైనను, మతమేదైనను, పెద్దరికము వహించినవారికి ఈ ప్రశ్న తప్పదు. నా పీఠమెక్కడ అని అడిగినంత సులభముగా, నా ప్రక్కన ఎవరికి చోటు లేకపోయెనని మనలను మనము అడుగుకొనగలమా?