బ్రాకెట్లలో 1757

ఉత్తర ఐరోపా అడవుల్లో పొదల మీదా, పైన్ మొక్కల మీదా తిరిగే గెంతే సాలీడు ఒకటుంది. శాస్త్రీయ నామం ఎవార్కా ఫాల్కాటా. పక్కనే బ్రాకెట్లలో ‘క్లెర్క్, 1757’ అని రాస్తారు. జంతువుల పేర్లకు లెక్క మొదలయ్యేది లినేయస్ ‘సిస్టమా నాచురే’ పదో కూర్పుతో, అంటే 1758 జనవరి 1 నుంచి. అంతకు ముందరి పేర్లు చెల్లవు, క్లెర్క్ సాలీళ్లకు పెట్టినవి తప్ప. ఆ ఒక్క మినహాయింపు ఆయనకు న్యాయంగా దక్కిందనే నేనంటాను.

కార్ల్ అలెగ్జాండర్ క్లెర్క్ స్టాక్‌హోమ్‌లో పన్నుల ఉద్యోగి. 1739లో లినేయస్ ఉపన్యాసం విన్నాక ప్రకృతి శాస్త్రం మీద మనసుపడ్డాడు. 1757లో ఆయన ‘స్వెన్‌స్కా స్పిండ్లార్’ స్వీడిష్, లాటిన్ భాషల్లో, రంగుల బొమ్మలతో వెలువడింది. అందులో సాలీళ్లను బతికే తీరునుబట్టి విడదీశాడు: వల పన్నేవి, వేటాడేవి, నీళ్లలో ఉండేవి. మన భాషలో ఈ పురుగుకు సాలెల నేతపని మీదే పేరొచ్చింది గానీ, ఫాల్కాటా వేటకు వల నేయదు. ముందున్న రెండు పెద్ద కళ్లతో పురుగును గురిచూస్తుంది, నిలబడ్డ ఆకుకు దారం అతికిస్తుంది, ఒంట్లోని ద్రవాన్ని కాళ్లలోకి ఒక్కసారిగా తోసి దూకుతుంది. గురి తప్పితే ఆ దారానికే వేలాడుతుంది. ముడుచుకుపోయిన చచ్చిన సాలీడులో ఇదేదీ కనబడదు. వేటగాళ్లను వేరే కూటమిగా చూడాలంటే ప్రాణమున్నవాటిని ఓపిగ్గా గమనించాల్సిందే.

రెండు మాటల పేరు పద్ధతి లినేయస్‌దే కదా, 1753లోనే మొక్కలకు వాడాడు కదా అనవచ్చు. నిజమే, క్లెర్క్ పద్ధతిని అరువు తెచ్చుకున్నాడు. కానీ లినేయస్ జంతువులన్నిటికీ దాన్ని వర్తింపజేయడానికి ఏడాది ముందే, తన సాలీళ్లకు మొదటినుంచి చివరిదాకా పాటించాడు. ఒకరికి సడలిస్తే నియమం నిలుస్తుందా అన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. అంతర్జాతీయ నియమావళి దానికి చెప్పిన మార్గం, క్లెర్క్ పుస్తకం కూడా 1758 జనవరి 1నే వచ్చినట్టు భావించి, లినేయస్ పేర్లకన్నా అందులోని పేర్లకు ముందు స్థానం ఇవ్వడం. అచ్చయిన ఏడాదిని అలా జరపడం నాకు నచ్చదు. సాలీళ్ల శాస్త్రవేత్తలు మాత్రం ఇప్పటికీ 1757 అనే రాస్తున్నారు. ఇక ఆ బ్రాకెట్ల సంగతి: క్లెర్క్ ఈ గెంతే సాలీడును అరానియస్ ఫాల్కాటస్ అన్నాడు. 1902లో యూజీన్ సిమోన్ ఎవార్కా ప్రజాతిని ఏర్పరిచాడు, ఇప్పుడిది అందులో ఉంది. ఇంటిపేరు మారిందని చెప్పే గుర్తే ఆ బ్రాకెట్లు. లాటిన్‌లో కొడవలిని తలపించే రెండో మాట మాత్రం క్లెర్క్ పెట్టిందే.