రాణికి అందని గడియారం

మరీ ఆంట్వానెట్ గడియారం మాట రాగానే నాకు ముందు గుర్తొచ్చేది రాణి కాదు, ఆ ఆర్డరులోని షరతులు. 1783లో పారిస్‌లో అబ్రహాం-లూయీ బ్రెగేకి ఇచ్చిన ఆర్డరు అది. ఆనాటికి తెలిసిన పనితనమంతా అందులో ఉండాలి, వీలైనచోటల్లా బంగారమే వాడాలి. ఖర్చుకి హద్దు లేదు, గడువూ లేదు. ఇచ్చింది రాణి అంగరక్షక దళంలోని అధికారి అంటారు. పేరు మాత్రం మిగల్లేదు.

గడువు లేకపోవడమే కొంప ముంచిందేమో! 1793లో రాణి గిలెటిన్‌కి బలైంది. బ్రెగే స్విట్జర్లాండుకి పారిపోయి, 1795లో తిరిగొచ్చాడు. తీసుకోవాల్సిన మనిషే లేకపోయినా పని వదిలిపెట్టలేదు. నాకు అర్థంకాని మొండితనం ఇదే. 1823లో ఆయనా పోయాడు. చివరికి 1827లో, 44 ఏళ్లకి, ఆయన దుకాణం వాళ్లే పూర్తిచేశారు. నంబరు 160.

జేబులో కదిలితే చాలు, తనకి తనే కీ ఇచ్చుకుంటుంది. నొక్కితే గంటలూ నిమిషాలూ మోగి చెబుతుంది. లీపు సంవత్సరాలు లెక్కేసుకుంటుంది. థర్మామీటరు కూడా ఉంది (రాణిగారికి జేబులో థర్మామీటరెందుకో!).

ఆర్డరిచ్చిన 200 ఏళ్లకి, 1983లో, జెరూసలేంలోని మ్యూజియం నుంచి దాన్ని ఎత్తుకుపోయారు, దాంతోపాటు ఇంకో వంద దాకా గడియారాలు కూడా. దొంగ 2004లో చనిపోయాకగానీ అది మళ్లీ మ్యూజియం గడప తొక్కలేదు.