నాయకునితో అస్తమించిన ఉద్యమము

కొన్ని రాజకీయోద్యమములు నాయకునితో పుట్టి నాయకునితోనే గిట్టును. జాతి పేరు చెప్పి కొలదిమంది నడపిన తీవ్రోద్యమముల విషయమున ఇది తఱచుగా కానవచ్చును. ప్రజలు ఆదరింపకపోవుటయే కారణమని చెప్పుట సులభము. కాని ఆ సంస్థల నిర్మాణమును పరిశీలించినచో మఱియొక కారణము గోచరించును. ఇంగ్లండులో సర్ ఆస్వాల్డ్ మోస్లీ నడపిన ఫాసిస్టు ఉద్యమము ఇందులకు నిదర్శనము.

మోస్లీ 1896లో జన్మించెను. మన దేశమున వైస్రాయిగా నుండిన కర్జన్ ప్రభువునకు ఆయన అల్లుడు. 1918లో కన్సర్వేటివు పక్షమున పార్లమెంటులో ప్రవేశించి, పిమ్మట లేబరు పక్షమున చేరి, 1929లో మంత్రిపదవి నందెను. నిరుద్యోగ నివారణకై తాను రచించిన పథకమును ప్రభుత్వము త్రోసిపుచ్చగా మఱుసటి యేడు రాజీనామా చేసెను. 1931లో స్థాపించిన న్యూ పార్టీకి ఎన్నికలలో ఒక్క స్థానమైనను దక్కలేదు. 1932 అక్టోబరులో బ్రిటిష్ ఫాసిస్టు సంఘమును నెలకొల్పెను.

నల్లచొక్కాలు, కవాతులు, ఒక పెద్ద దినపత్రిక ప్రోత్సాహము – వీనితో 1934 నాటికి సభ్యుల సంఖ్య ఇంచుమించు 50 వేలకు చేరెనని అంచనా. ఆ జూన్ నెలలో లండను ఒలింపియా సభలో అడ్డు పలికినవారిని కార్యకర్తలు చితుకగొట్టిరి. పత్రిక ప్రోత్సాహము తొలగెను, సభ్యులు జారిపోయిరి. 1936 నాటి చట్టము రాజకీయ యూనిఫారములను నిషేధించెను.

ఈ సంఘమున అధికారులను నియమించువాడును, తొలగించువాడును మోస్లీయే. సభ్యులు నాయకుని ఎన్నుకొను ఏర్పాటు లేదు. ముస్సోలినీ రహస్యముగా పంపుచుండిన ధనము తగ్గిపోగా, 1937లో వేతనోద్యోగులలో పెక్కుమందిని తొలగించిరి. వారిలో విలియం జాయిస్ ఒకడు. అతడు స్థాపించిన వేఱు సంఘము రెండేండ్లకే అంతరించెను. యుద్ధకాలమున బెర్లిను రేడియోనుండి శత్రుప్రచారము సాగించి, ‘లార్డ్ హా-హా’ అను పేరు మోసి, 1946లో ఉరిశిక్షకు గురియైనవాడు ఇతడే. వారసుడు కాదగినవాడు ఇట్లు ప్రత్యర్థి యయ్యెను.

1940 మే నెలలో ప్రభుత్వము మోస్లీని నిర్బంధించెను. జూలైలో సంఘమును నిషేధించెను. 1948లో ఆయన యూనియన్ మూవ్‌మెంటును స్థాపించెను గాని, 1959 ఎన్నికలలో నూటికి ఎనిమిది ఓట్లు మాత్రమే పొంది డిపాజిట్టు కోల్పోయెను. 1980లో ఆయన ఫ్రాన్సులో మరణించునాటికే ఆ సంస్థ నామమాత్రావశిష్టమై యుండెను.

ఆయన విడిచివచ్చిన లేబరు పక్షము గతి చూడుడు. 1931లో దాని నాయకుడు, ప్రధాని రామ్సే మాక్డొనాల్డే ప్రతిపక్షులతో చేయి కలిపెను. ఆ యెన్నికలలో లేబరు పక్షమునకు 52 స్థానములే మిగిలెను. అయినను కార్మిక సంఘముల చందాలు, ఊరూర స్థానిక శాఖలు, ఏటేట మహాసభలు చెక్కుచెదరలేదు. 1945లో అదే పక్షము అట్లీ నాయకత్వమున 393 స్థానములు గెలిచెను. భారత స్వాతంత్ర్య చట్టము ఆ ప్రభుత్వము కాలముననే వెలువడెను.

సంస్థ నశించినంత మాత్రమున ద్వేషభావము నశించెనని తలంపరాదు. 1967లో వెలసిన నేషనల్ ఫ్రంట్ తొలి అధ్యక్షుడు మోస్లీ పూర్వానుచరుడే. కాని అది వేఱొక సంస్థ. మోస్లీ దానికి నాయకుడు కాడు. నాయకుడు తప్పు చేసినపుడు ప్రశ్నించుటకును, పోయినపుడు మఱియొకని ఎన్నుకొనుటకును సభ్యులకు హక్కు లేని సంస్థ, ఆయన కంఠము మూగవోయిన నాడే తానును మూగవోవును.